బల్లిపాటునకు వారంటీ లేదు

సొమ్ము చేతులు మారుటయందు మనదేశము సాధించిన వేగమును జూచి ఆశ్చర్యపడనివారు లేరు. గాజుబల్లపై నంటించిన క్యూఆర్ కోడ్ ఎదుట ఫోను నట్లు చూపి యిట్లు తీయునంతలో గృహస్థుని నెలజీతము వర్తకుని ఖాతాలో జేరిపోవును. చేరినదని ప్రక్కనున్న చిన్నపెట్టె బిగ్గరగా చాటింపు గూడ వేయును. అదే సొమ్ము వచ్చిన త్రోవనే మరలిపోవలసివచ్చినప్పుడు మాత్రము దానికి హెడ్డాఫీసు అనుమతియు, ఏరియా మేనేజరు సంతకమును, ఏడు నుండి పది పనిదినములును, పనిదినములు గాని మఱికొన్ని దినములును కావలసివచ్చును. చాటింపు వేసిన పెట్టె మౌనవ్రతము పూనును.

చెడిపోయిన టీవీనో, ఫోనునో, ఏసీ కాగితములనో చేతబట్టుకొని దుకాణపు మెట్లెక్కిన మానవుని జూచి వర్తకుడు పొందు విస్మయము చూడదగినది. "ఇన్నాళ్ళకా అండీ వచ్చేది!" అను నామాటలో ఎంత ఆర్ద్రత యుండుననగా, వచ్చినవానికి తానేదో తద్దినపు తిథి తప్పించినట్లు తల వంగిపోవును. ఈ విషయమును చిరకాలము పరిశీలించి నే నేర్పఱచుకొన్న యభిప్రాయ మేమన, ఆలస్యముగా వచ్చిన కొనుగోలుదారుడు లోకమున మిక్కిలి యరుదు. ఆలస్యముగా చేయబడినవాడే యెల్లెడల గానవచ్చును. ఈ యాలస్యము నుత్పత్తిచేయుటకు ప్రత్యేకముగ సిబ్బందియు, టోల్‌ఫ్రీ నంబరును, ఆ నంబరు నొక్కినప్పుడు తెంపులేక వినవచ్చు వేణునాదమును గలవు.

విజయవాడలో మా వీధియందు నివసించు విశ్రాంత ప్రధానోపాధ్యాయులవారి ఏసీ చరిత్రము దీనికి చాలిన యుదాహరణము. ఎండలు ముదిరిన ఏప్రిల్ మాసమున దానిని గొనిరి. మొదటివారముననే గదిలోని పెట్టెనుండి గోడవెంట నీరు కారజొచ్చెను. రావలసిన చల్లదనము మాత్రము రాలేదు. ఫిర్యాదుపై వచ్చిన మొదటి మెకానిక్ దోషమంతయు మన కరెంటుదని నిర్ణయించి స్టెబిలైజరు పెట్టించుమనెను, పెట్టించిరి. రెండవవాడు గొట్టము వాలు సరిగా లేదని దానిని వంచి, వంచినందులకు కూలి గైకొనెను. మూడవవాడు గ్యాసు పోయినదనియు, ఒక భాగము చెన్నైనుండి రావలసియున్నదనియు జెప్పి, ఆ భాగము వచ్చువఱకు తానును రాకుండెను. ఇంతలో మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడినవి. ఏసీ యక్కఱ తీరెను. మాస్టారు ఆ సంగతి మఱచిరి.

ఇచ్చట వారంటీ యనుదాని యొక యద్భుతలక్షణమును గమనింపవలయును. ఏసీ పనిచేయునది యేటికి మూడు నాలుగు మాసములు. వారంటీ పరుగెత్తునది పండ్రెండు మాసములు. కార్తికమాసమున ఇంటిల్లిపాదియు దుప్పట్లు ముసుగుదన్ని నిద్రించుచుండగా, ఏసీయు నిద్రించుచుండగా, అది యొక్కటే మేల్కొనియుండి తన యాయువును తానే భక్షించుచుండును. మఱుసటి యేప్రిలులో మాస్టారు రిమోటు నొక్కునప్పటికి వారంటీ కాలధర్మము నొంది కొలదిదినము లయ్యెను. పెట్టెమీద 10 అను నంకె యరచేయి వెడల్పున అచ్చై యుండుట నిజమే. ఆ పదేండ్లును కంప్రెసరునకు మాత్రమే యని చీమతలకాయలంత యక్షరములలో నుండుటయు నిజమే. సామాన్యముగా చెడని యవయవమునకు దీర్ఘాయువును, చెడుటకే పుట్టినవానికి ఒక్క సంవత్సరమును ప్రసాదించిన యా దూరదృష్టికి చేయెత్తి నమస్కరింపవలసియున్నది.

ఈసారి వచ్చిన కుఱ్ఱవాడు మేడమీది అవుట్‌డోర్ యూనిట్ మూత విప్పి, లోని పీసీబీని వెలికిదీసి, దానిపై రెండు టెర్మినళ్ళనడుమ అడ్డముగా పడి మాడి యెండిపోయిన యొక బల్లిని స్క్రూడ్రైవరు మొనతో చూపి, ఫోనులో దాని ఫోటో దీసికొనెను.

"బల్లి పడిందండి మాస్టారూ. వారంటీ ఉన్నా ఇది రాదండి. 'ఇన్‌సెక్ట్ డ్యామేజ్' కింద పోతుంది."

"బల్లి కీటకం కాదు నాయనా, సరీసృపం."

"అదేమో తెలీదండి. యాప్‌లో ఆ ఆప్షనే ఉంది."

"పోనీ, అది పోయిన వేసవిలోనే పడిందేమో? అప్పుడు వారంటీ ఉందిగా?"

కుఱ్ఱవాడు బల్లివంక నొకసారి, మాస్టారివంక నొకసారి చూచి, పెట్టె సర్దుకొని వెడలిపోయెను. మృతజీవి కాలనిర్ణయము వాని యాప్‌లో లేదు.

మన పంచాంగకర్తలు బల్లి శిరస్సు మొదలు పాదములవఱకు ఏ యవయవముపై బడిన నేమి ఫలమో పురుషులకు వేఱుగను, స్త్రీలకు వేఱుగను పట్టికలు వేసి యిచ్చిరి. పీసీబీపై పడిన ఫలమును వ్రాయుట మాత్రము మఱచిరి. ఆ కొఱతను కంపెనీలవారు తీర్చిరి. వారి పట్టికలో బల్లి, ఎలుక, చీమ, పిడుగు, వరద, లో వోల్టేజి, హై వోల్టేజి అన్నింటికిని ఫల మొక్కటే. పంచాంగమే వీరికంటె దయగలది. ఏలయన, కంచి వరదరాజస్వామి యాలయములోని బంగారుబల్లిని తాకివచ్చినచో దోషము తొలగునని శాంతిమార్గ మైనను చూపినది. కాలిన పీసీబీని కంచికి గొనిపోయి తాకించినను సర్వీస్ సెంటరువారు ఒప్పుకొనరు.

మాస్టారు దుకాణమునకు బోయిరి. అచ్చట మొదటిమాట "బిల్లుందాండీ?" అని. బిల్లు విషయమున నాకు వర్తకులపై గల గౌరవము ద్విగుణమగుచున్నది. ఇప్పటి బిల్లులపై సిరా యుండదు. కాగితమునకు బూసిన రసాయనము వేడికి నల్లబడుటచే నక్షరములు పుట్టును. ఎండలోను వెలుతురులోను ఉంచినచో కొన్ని మాసములకు ఆ యక్షరములు వచ్చినట్లే పోవును. జాగ్రత్తపరుడై ప్లాస్టిక్ కవరులో దాచినవాని బిల్లును ఆ కవరులోని రసాయనమే త్రాగివేయును. అంతకంటె జాగ్రత్తపరుడై లామినేషన్ చేయించినచో, యంత్రపు వేడికి కాగితమంతయు అమావాస్యవలె నల్లబడును. అజాగ్రత్తపరునకు తెల్లకాగితము, అతిజాగ్రత్తపరునకు నల్లకాగితము. మాస్టారు రెండవ తెగవారు. ముప్పదియైదేండ్లు హాజరుపట్టీలు భద్రపఱచినవారు. ఆయన సంచిలోనుండి దీసి గాజుబల్లపై బెట్టిన నిగనిగలాడు నల్లని పలకను ఆ గుమాస్తా అటునిటు త్రిప్పి, ఫోను లైటు వేసి చూచి, వినయముతో తిరిగి యిచ్చెను. వెనుకగోడపై "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అను బోర్డు మాత్రము నూనెరంగుతో వ్రాయబడి, చెక్కుచెదరక యుండెను.

ఆ బోర్డునకును దేశపు చట్టమునకును ముఖపరిచయము లేదు. 1986లో పుట్టి, 2019లో క్రొత్తరూపు దాల్చి, 2020 జూలై 20 నుండి అమలులోనున్న వినియోగదారుల రక్షణచట్టము, లోపముగల సరుకును బిల్లులో జెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, వాపసు గైకొని సొమ్ము చెల్లింపనొల్లకుండుట అనుచిత వ్యాపారపద్ధతి యని స్పష్టముగ వచించుచున్నది. ఫిర్యాదునకు గడువు రెండేండ్లు. అదియు వస్తువు గొన్ననాటినుండి కాక, ఫిర్యాదునకు కారణము పుట్టిననాటినుండి లెక్కింపబడును. తగిన కారణము చూపినచో ఆ గడువు దాటినను వినవచ్చును. అయిదులక్షల లోపు వస్తువునకు రుసుము లేదు, వకీలుతో పనిలేదు, 1915 అను నంబరునకు ఫోను చేసినను పలుకుదురు. ఇంతటి యుదారశాసనము చేతనుండగా మన వినియోగదారుడు కౌంటరు దగ్గఱ నేల చేతులు నలుపుకొనునో నా కంతుబట్టదు. అంతుబట్టినదేమైన నున్నచో అది యొక్కటి: లోపమున్నదని నిరూపింపవలసినవాడు ఇక్కడ ఆతడే. ఇంగ్లండు దేశమున 2015 నాటి చట్టము ప్రకారము మొదటి ఆరుమాసములలో బయటపడిన లోపము సామాన్యముగా అమ్మకమునాటికే యున్నట్లు భావింపబడును. లేదని నిరూపించు భారము వర్తకునిది. మన దగ్గఱ పరీక్ష యవసరమైనచో వస్తువునకు సీలువేసి ప్రయోగశాలకు బంపుదురు. వారు 45 దినములలో నివేదిక యీయవలయును. కేసు అయిదుమాసములలో తేలవలెనని చట్టపు టాకాంక్ష. ఆకాంక్ష లెప్పుడును శ్లాఘనీయములే.

కొనుగోలుదారులందఱును గంగిగోవులని నా మతము కాదు. అమెరికాలో కాస్ట్‌కో యను దుకాణమువారు 2007 వఱకు టీవీలను ఎన్నాళ్ళకు తెచ్చినను మాఱుమాటలేక వాపసు గైకొనుచుండిరి. ఏండ్లు వాడిన టీవీ నిచ్చి, ఆ సొమ్ముతోనే అంతకంటె పెద్దది కొనుక్కొనిపోవు పుణ్యాత్ములు బయలుదేరగా, ఆ యేట గడువును 90 దినములకు కుదించిరి. అచ్చటి మన తెలుగువారు నేటికిని ఆ తొంబదిదినములను ఏకాదశీవ్రతముకంటె శ్రద్ధగా లెక్కించుకొందురని వినికిడి, ప్రత్యక్షముగ నెఱుగను.

మాస్టారు వినియోగదారుల కమిషనుకే పోవుదునని పట్టుబట్టి, తెల్లకాగితముపై గుండ్రని దస్తూరితో ఫిర్యాదు వ్రాయ నారంభించిరి. ఆయన ధర్మపత్ని మాత్రము, "మీ తీర్పు వచ్చేటప్పటికి మళ్ళీ వానాకాలం వస్తుందండీ. సెలవులకి పిల్లలొస్తున్నారు," అని యొక్కమాటతో ఆ వ్యాజ్యమును కొట్టివేసిరి. అదేవారమున, అదే దుకాణమువారి వేసవి ఎక్స్‌ఛేంజ్ మేళా కరపత్రము పేపరు మడతలో వచ్చెను. పాత ఏసీ యే స్థితిలోనున్నను, పనిచేసినను చేయకున్నను, క్రొత్తది గొన్నచో తీసికొందురట. సంవత్సరముపాటు తాకుటకే వెఱచిన యా యినుపపెట్టెను మఱునాడు దుకాణపు టాటోలో ఇద్దఱు కుఱ్ఱవాండ్రు వచ్చి, బిల్లడుగక, కార్డడుగక, బల్లి మాట యెత్తక, భుజములపై మోసికొనిపోయిరి. మునుపు నల్లపలకను తిరిగియిచ్చిన గుమాస్తాయే మాస్టారికి కుర్చీ వేసి, చల్లని మజ్జిగ తెప్పించి, పాతదాని క్రింద ధరలో రెండువేలు తగ్గించెను.

"ఈసారి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోండి మాస్టారూ. ఐదేళ్ళు నిశ్చింత."

"అందులో బల్లి వస్తుందా బాబూ?"

"ఒక్క నిమిషం కూర్చోండి, మేనేజరుగారిని అడిగి చెప్తాను," అని గుమాస్తా లోపలికి బోయెను.