నూటికి నాలుగు మార్కుల జాలి

మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ హాస్టలు ఎలాంటి చోటో తెలియాలంటే 2022 మార్చి 31న హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూడాలి. బడి ఆవరణల్లో గ్రామ సచివాలయాలూ రైతు భరోసా కేంద్రాలూ కట్టొద్దని కోర్టు 2020లోనే చెప్పింది. కట్టారు. ఊళ్ళో పిల్లలు ఆడుకునే నేల సర్కారు కంటికి ఎప్పుడూ ఖాళీ స్థలంలాగే కనపడుతుంది మరి. కోర్టు ధిక్కారం కింద ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు జస్టిస్ బట్టు దేవానంద్ రెండు వారాల జైలు వేశారు. అధికారులు బేషరతుగా క్షమాపణ చెప్పుకున్నారు. అప్పుడు శిక్ష మారింది. ఏడాది పాటు నెలకో ఆదివారం సంక్షేమ హాస్టలుకు వెళ్ళాలి, పిల్లలతో గడపాలి, ఒకరోజు భోజనం ఖర్చు సొంత జేబులోంచి పెట్టుకోవాలి.

జైలుకు బదులు హాస్టలు! న్యాయమూర్తి ఉద్దేశం మంచిదే, దొరలు పేదపిల్లల బతుకు ఓసారి కళ్ళారా చూస్తారని. కానీ అదే హాస్టల్లో ఉంటున్న ఏడో తరగతి పిల్లవాడి సంగతేమిటి? వాడు ఏ ఉత్తర్వునూ ధిక్కరించలేదు. ఎవరి ఆవరణలోనూ ఏదీ కట్టలేదు. అయినా నెలలో నాలుగు ఆదివారాలూ, మధ్యలో వచ్చే సోమ మంగళాలూ అక్కడే ఉంటున్నాడు. క్షమాపణ చెప్పుకుని బయటపడదామన్నా వాడి మీద కేసే లేదు.

ఢిల్లీ కథ ఇంకా పాతది. బళ్ళలో నీళ్ళూ మరుగుదొడ్లూ లేవని ఎన్విరాన్‌మెంటల్ అండ్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ ఫౌండేషన్ 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011 అక్టోబరులో కోర్టు, ఏడాది ఆఖరుకల్లా పక్కా మరుగుదొడ్లు కట్టండి, అంతవరకూ తాత్కాలికంగానైనా ఏదో ఒకటి చూడండి అంది. 2012 అక్టోబరు 3న తుది తీర్పు వచ్చింది. తాగునీరు, మరుగుదొడ్లు, సరిపడా గదులు, టీచర్లు, బోధనేతర సిబ్బంది, అన్నీ ఆరు నెలల్లో. కేసు వేసిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పాప అప్పటికి తొమ్మిదిలో ఉంది. ఆరు నెలల్లో నిజంగా కట్టి ఉంటే పదో తరగతిలోనైనా ఆ పాపకు అక్కరకొచ్చేది. తీర్పు అమలు కాలేదని తెలుగునేల నుంచి జె.కె.రాజు ధిక్కార పిటిషన్ వేశారు. అది సాగుతుండగానే రాష్ట్రం రెండయింది. దాంతో జవాబు చెప్పాల్సిన ప్రభుత్వాలు రెండయ్యాయి, రాయాల్సిన అఫిడవిట్లూ రెండయ్యాయి.

మన సచివాలయానికి తిరుగులేకుండా వచ్చిన విద్య ఈ అఫిడవిట్ ఒక్కటే. అందులో బడికి గోడ ఉంటుంది, లేకుంటే పురోగతిలో ఉంటుంది. నీళ్ళుంటాయి, లేకుంటే ప్రతిపాదన దశలో ఉంటాయి. టీచరుంటాడు, లేకుంటే సర్దుబాటులో ఉంటాడు. సర్దుబాటంటే తెలియనివారి కోసం చెబుతున్నాను: పై ఊరి బడిలో లేని అయ్యోరి కోసం కింది ఊరి బడిలో ఉన్న అయ్యోరిని తీసి పంపడం, ఆనక రెండు బళ్ళకూ అయ్యోరు ఉన్నట్టు లెక్క చూపడం.

సర్కారు రాసే కాగితం ఇంకొకటుంది. దాన్ని చూడాలంటే కడప జిల్లా వేంపల్లె మండలం ఇడుపులపాయ రావాలి. నాయకులకు ఈ దారి కొత్త కాదు. జూలై 8న రాజశేఖరరెడ్డి జయంతికీ, సెప్టెంబరు 2న వర్ధంతికీ ఘాట్ దగ్గర పూలు కుప్పలుగా పడతాయి. 2017 నవంబరు 6న జగన్ పాదయాత్ర ఇక్కడే మొదలైంది. 2024 మార్చి 16న 175 మంది అసెంబ్లీ అభ్యర్థుల పేర్లు ఇక్కడే చదివారు. హెలిపాడ్ కూడా ఉంది. కాబట్టి పైనుంచి దిగేవాళ్ళకు ఇడుపులపాయ ఎప్పుడూ దగ్గరే. కింద నుంచి ఎక్కాలనుకునే పిల్లలకూ ఇక్కడ ఒక మెట్టుంది: 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కులు చూసి పల్లెపిల్లల్ని చేర్చుకుని ఆరేళ్ళు చదివిస్తుంది.

దాని ప్రవేశ ప్రకటనలో ఒక నిబంధన ఉంటుంది. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బళ్ళలో చదివినవారికి అదనంగా మార్కులు కలుపుతారు. గ్రేడ్ల కాలంలో 0.4 పాయింట్లు, మళ్ళీ మార్కులొచ్చాక 4 శాతం. దీన్ని డిప్రివేషన్ స్కోరు అంటారు. ప్రొద్దుటూరు మున్సిపల్ హైస్కూలు పిల్లా, పులివెందుల దగ్గరి పల్లెలో చదివిన పిల్లాడూ, జమ్మలమడుగు దాటి ఎక్కడో పొలాల మధ్య ఉన్న బడి పిల్లా, పదికి పది తెచ్చుకున్న కార్పొరేట్ స్కూలు పిల్లల పక్కన నిలబడగలిగారంటే ఈ నిబంధన చలవే. మంచి నిబంధన. నా పేచీ దానితో కాదు, దాని పక్కనే అఫిడవిట్ రాస్తున్న చేతితో.

ఆ చెయ్యి కోర్టుకు రాసేటప్పుడు మా బళ్ళలో కొరత లేదంటుంది. ఇడుపులపాయకు రాసేటప్పుడు మాత్రం, పాపం ఈ బిడ్డ పదేళ్ళు మా బళ్ళో చదివింది, ఇంకో నాలుగు మార్కులు వేసుకోండి అంటుంది. ఏ తనిఖీ బృందమూ ఏ న్యాయవాదీ రాబట్టలేని నేరాంగీకారం ఇలా ఏటా పేపర్లో ప్రకటనై పడుతోంది. పైగా అంకెతో సహా. పదేళ్ళ బడికి నష్టపరిహారం నూటికి నాలుగు. తలుపు లేని దొడ్డికెంత, ఏడాదంతా రాని లెక్కల అయ్యోరికెంత, వానకు కారే కప్పుకెంత అని విడివిడి పద్దులేమీ లేవు. గంపగుత్తగా నాలుగు.

బళ్ళు బాగుచేస్తామని తెచ్చిన నాడు-నేడు పథకం తొలివిడతలో 15,715 బళ్ళు తీసుకున్నారు. రంగులు పడ్డాయి, బల్లలొచ్చాయి, ఫ్యాన్లు తిరిగాయి. వచ్చిన చోట నిజంగానే వచ్చాయి, కాదంటే కళ్ళు పోతాయి. కానీ బళ్ళ రూపురేఖలు మారిపోయాయని ఫ్లెక్సీలు కట్టినవాళ్ళలో ఒక్కరైనా, ఇక నాలుగెందుకు, మూడు చాలు అనలేదు. ఫ్లెక్సీ మీద ఉన్న ధైర్యం ప్రవేశ నిబంధన దాకా రాలేదు.

మరుగుదొడ్ల విషయంలో మాత్రం మన పాలకుల మధ్య అరుదైన ఏకాభిప్రాయం ఉంది. ఖర్చు తల్లులది. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం కింద తల్లికి 15,000 రూపాయలు ఇచ్చారు. మరుసటి ఏడాది టాయిలెట్ల నిర్వహణ నిధికని వెయ్యి పట్టుకుని 14,000 ఇచ్చారు. 2022లో బడి నిర్వహణకని ఇంకో వెయ్యి పోయి 13,000 అయింది. ప్రభుత్వం మారింది. పథకం తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో ఖాతాలో పడింది 13,000, మిగతా 2,000 బడికీ పారిశుద్ధ్యానికీ అన్నారు. అసెంబ్లీలో ఒకరి లెక్క ఒకరు ఒప్పుకోనివాళ్ళు ఈ ఒక్క తీసివేతకు మాత్రం పైసా తేడా లేకుండా ఒకే జవాబు రాశారు. సుప్రీంకోర్టు ఆదేశించింది రాష్ట్రాలనని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాం. కూలికి పోయే తల్లులను కాబోలు.

ఆ దొడ్లు కడిగారో లేదో పైవాళ్ళకు తెలియాలి గదా. టీచరు రోజూ ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నారు. బీఈడీలో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివిన మనిషి, వెలుతురు సరిగా పడే కోణం కోసం కమోడ్ చుట్టూ తిరిగాడు. నెట్ అందకపోతే ఫోను పైకెత్తి బడి గోడ దాకా నడిచాడు. లోపల పిల్లలు ఎక్కాలు తమకు తామే చెప్పుకున్నారు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం షాపుల ముందు క్యూలు సరిచేసే డ్యూటీ కూడా టీచర్లకే వేశారు. 2022లో హాజరు కోసం వాళ్ళ మొహాల ఫొటోలు తీసే యాప్ వచ్చింది. ముందు దొడ్డి ఫొటో, తర్వాత అయ్యోరి మొహం ఫొటో. ప్రాధాన్య క్రమం గమనించండి.

అసలు టీచరే లేకపోతే? బడికి కొత్త పేరు పెట్టాలి. 2022 జూన్‌లో 117 జీవో తెచ్చారు. శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు, ఫౌండేషన్ స్కూలు, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూలు, హైస్కూలు, హైస్కూల్ ప్లస్ అని ఆరు రకాలు. వీలైన చోటల్లా మూడు, నాలుగు, ఐదు తరగతులు మూటాముల్లె సర్దుకుని హైస్కూలుకు నడిచాయి. ఊళ్ళో ఒకటీ రెండూ తరగతులు, చాలాచోట్ల ఒకే ఒక్క అయ్యోరు మిగిలారు. ఆయనకు జ్వరమొస్తే ఫౌండేషన్ మొత్తానికీ సెలవే. 2025లో ఆ జీవో రద్దయింది. సంతోషించబోయేలోగా తెలిసిందేమిటంటే, ఇప్పుడు బళ్ళు తొమ్మిది రకాలు.

నియామకాల సంగతికొస్తే, 2018 తర్వాత పూర్తయిన పెద్ద డీఎస్సీ 2025దే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు గడపలోకి వచ్చాక, 6,100 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అది పరీక్ష దాకా కూడా పోలేదు. ఆ జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద తొలి సంతకం చేశారు. నియామక పత్రాలు చేతికందింది 2025 సెప్టెంబరు ఆఖరులో. కడప ఎండకు గంటలో ఆరే సిరా, అమరావతిలో ఆరడానికి పదిహేను నెలలు పట్టింది.

పోనీ, ఆ నాలుగు మార్కులు కలిసి ట్రిపుల్ ఐటీలో సీటొచ్చిన పిల్లకు కొరత తీరిందా? అక్కడ పాఠం చెప్పేవాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులే. 2016లో ఒంగోలుకూ ఒక ట్రిపుల్ ఐటీ మంజూరు చేసి, ఆ పిల్లల్ని తెచ్చి ఇడుపులపాయలోనే కూర్చోబెట్టారు. సర్దుబాటు విద్య విశ్వవిద్యాలయ స్థాయికి చేరిందన్నమాట. 2022 జూన్‌లో తెలంగాణలోని బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలు రెగ్యులర్ వీసీ కావాలి, అధ్యాపకులు కావాలని వారం రోజులు ఎండకూ వానకూ గేటు దగ్గర కూర్చున్నారు. గేటు దగ్గర అఫిడవిట్ దాఖలు చేసే ఏర్పాటు లేదు కాబట్టి చివరికి మంత్రి స్వయంగా రావాల్సి వచ్చింది.

కోర్టువారికి నాదో విన్నపం. ఇకమీదట స్థాయీ నివేదికలూ ఫొటోల ఆల్బములూ అడగకండి. ఏటా ట్రిపుల్ ఐటీ ప్రవేశ ప్రకటన ఒక ప్రతి తెప్పించుకోండి. అందులో డిప్రివేషన్ స్కోరు ఉన్నంతకాలం ధిక్కారం నడుస్తున్నట్టే లెక్క. మా బళ్ళు బాగుపడ్డాయి, ఇక ఈ మార్కులు అక్కర్లేదని ప్రభుత్వం తానే వచ్చి చెప్పిన రోజున కేసు మూసేయండి. ఇందులో ఒక ప్రమాదముంది. మన సచివాలయం ఉత్తర్వును ఎలా చదువుతుందో తెలిసినవాణ్ని గనక ముందే చెబుతున్నాను. బళ్ళు బాగుచేయడమెందుకు, మార్కులు తీసేస్తే పోలేదా అని వారంలో జీవో వస్తుంది. కాబట్టి ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చండి. మార్కులు తీసేసే ఫైలు మీద సంతకం పెట్టే ప్రతి అధికారీ, ప్రతి మంత్రీ, తమ పిల్లల్నో మనవళ్ళనో దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్పించి, ఆ అడ్మిషన్ నంబరు అఫిడవిట్‌కు జతచేయాలి.

ఇది మరీ దూకుడు కోరిక అనుకోవద్దు. ప్రభుత్వ ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్ళందరూ పిల్లల్ని సర్కారు బడికే పంపాలని అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టులోనే ఆదేశించింది. పదేళ్ళు దాటింది. లక్నో వీధుల్లో ప్రైవేటు స్కూలు బస్సు ఒక్కటీ తగ్గలేదు.