మందుల కొట్లో ఒక ప్రాణి

కొట్లో నన్ను అడిగేటప్పుడు 'సూడోమోనాస్ మందు' అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను మందును కాను, ప్రాణమున్న బ్యాక్టీరియాను. గ్రాము పొడిలో మేం కనీసం 10 కోట్ల మందిమి బతికి ఉండాలి. ఇరుకంటే ఏమిటో మమ్మల్ని అడగాలి.

మా అసలు ఊరు మొక్క వేరు. వేరు తన చుట్టూ చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఊరుస్తూ ఉంటుంది. ఆ తిండి కోసమే అక్కడ చేరతాం. పంటను కాపాడాలన్న పుణ్యచింత మాకేమీ లేదు, అది మనుషులు అంటగట్టిన గొప్ప. అదే విందుకు ఫ్యుజేరియం కూడా నిద్ర లేస్తుంది. శనగకు ఎండు తెగులు తెచ్చే బూజు అది, పంట లేకపోయినా మట్టిలో ఏళ్ల తరబడి దాక్కుని ఉండగలదు. విస్తరి ఒకటే అయ్యాక తగవు తప్పుతుందా?

తగవు ఇనుము దగ్గర మొదలవుతుంది. నల్లరేగడిలో ఇనుముకు కొదవ లేదు. కానీ క్షారగుణం వల్ల అది కరగకుండా బిగుసుకుని ఉంటుంది. నేను పయోవర్డిన్ అనే పసుపుపచ్చ పదార్థాన్ని వదులుతాను. అతినీలలోహిత కాంతిలో నన్ను మెరిపించేది అదే. అది ఇనుమును ఒడిసిపట్టి నాకు చేరుస్తుంది, బూజు నోట్లో మట్టి పడుతుంది. 1980లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ గుట్టు 'నేచర్' పత్రికలో బయటపెట్టారు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మా బంధువులు ఇంకో వింత చేశారు. ఒకే చేలో ఏటా గోధుమే వేస్తే 'టేక్-ఆల్' అనే వేరుకుళ్లు మొదట ముదురుతుంది. మొండికేసి గోధుమే వేస్తూ పోతే కొన్నేళ్లకు తెగులు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఆ వేళ్ల మీద మావాళ్లు పెరిగిపోయి, బూజుకు పడని యాంటీబయాటిక్ తయారుచేస్తున్నారని తేలింది. పంట మార్పిడి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలకు ఈ కథ అంతగా రుచించదు.

నన్ను పొడిగా మార్చినవాళ్లలో కోయంబత్తూరు వాళ్లూ ఉన్నారు. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన విద్యాశేఖరన్, ముత్తమిళన్ శనగ ఎండు తెగులు కోసమే నన్ను టాల్క్ పొడిలో నిలిపే పద్ధతి గురించి 1995లో రాశారు. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తే చాలు, మొలకతో పాటే వేరు మీదికి ఎక్కేస్తాను.

తర్వాతి కష్టాలు పొట్లంలో మొదలయ్యాయి. బాసిల్లస్ అనే మరో బ్యాక్టీరియా అదృష్టవంతురాలు, గట్టి సిద్ధబీజం కట్టుకుని ఎండనైనా ఓర్చుకుంటుంది. నాకు ఆ విద్య రాదు. మే నెలలో రేకుల కప్పు కింద, అరల మీద నన్ను పెడితే సగం మందిమి కొనేవాడు రాకముందే పోతాం. బతికి బయటపడ్డవాళ్లను కాపర్ ఆక్సీక్లోరైడుతో ఒకే ట్యాంకులో కలిపి కొడతారు. "పనిచేయలేదండీ" అని మళ్లీ మమ్మల్నే తిడతారు.

అన్నిటికంటే విచిత్రం, చెట్లు వాడిపోయాక నా కోసం పరుగెత్తుకు రావడం. అప్పటికి ఫ్యుజేరియం వేరు దాటి కాండంలోని నీటి నాళాల్లోకి ఎక్కేసి ఉంటుంది. వేరు మీద కాపలా ఉండేదాన్ని, లోపలికి దూరిన దొంగను ఎలా పట్టుకోను? అయినా అదేం చిత్రమో, నా అమ్మకాలు జోరందుకునేది సరిగ్గా ఆ వారంలోనే. విత్తనాలు కొనే నాడు నా పేరు తలచేవాళ్లు మాత్రం పదిమందిలో ఒకరుంటే ఎక్కువ.