మాష్టారి వేషం

సెప్టెంబరు 5 దగ్గర పడుతోందంటే మన బడుల్లో నాలుగు రోజుల ముందు నుంచే సందడి. ఆ రోజు పిల్లలే పంతుళ్లు. ఆడపిల్లలు అమ్మ చీరలు చుట్టుకుని, మగపిల్లలు నాన్న చొక్కాలు తొడుక్కుని చాక్‌పీసు పట్టుకుంటారు. స్వపరిపాలన దినోత్సవం అంటాం. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సన్మానాలూ ఉపన్యాసాలూ ఎన్ని ఉన్నా, నాకు మాత్రం ఆ రోజంటే ఈ వేషాలే. మన నడక, మన గొంతు, మనం కోప్పడే తీరు, అన్నీ అచ్చు దించేస్తారు. ఏడాది పొడుగునా వాళ్లు మనలో ఏం చూశారో ఆ పూట మన కళ్లకు కడతారు.

2023లో ఆ వేడుకకు రమ్మని ఒక మాష్టారు పిలిచాడు. పార్వతీపురం మన్యం జిల్లాలో కొండ దిగువ ఊరు. ఒకటి నుంచి అయిదు వరకు తరగతులు, ఇరవై మూడు మంది పిల్లలు, ఒక్కడే పంతులు. నేను రిటైరు కాకముందు మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. అతను పాఠం చెబుతుంటే పక్క గదిలో నేను నా పాఠం ఆపి విన్న రోజులున్నాయి. తీసివేతలో అప్పు తేవడం చెప్పాలంటే చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించేవాడు. మూడు కట్టలూ ఏడు పుల్లలూ చేతికిచ్చి, ‘ఇందులోంచి తొమ్మిది పుల్లలు ఇయ్యి’ అనేవాడు. పిల్లవాడు ఏడు ఇచ్చి, దిక్కులు చూసి, తనంతట తనే ఒక కట్ట విప్పేవాడు. అప్పు తేవడమంటే కట్ట విప్పడమేనని ఆ వేళ్లకు తెలిసిపోయేది. అంతవరకూ అతను నోరు మెదిపేవాడు కాదు. ఆ ఓపిక ఏ శిక్షణలోనూ నేర్పరు.

వేడుకకు ముందురోజు, సోమవారం, పొద్దున్నే బడికి చేరాను. తొమ్మిది లోపు మాష్టారు హాజరు యాప్‌కు ముఖం చూపించాలి. బడి గదిలో సిగ్నల్ ఉండదు. వరండా చివర, నీళ్ల ట్యాంకు గట్టు మీద నిలబడి చెయ్యి పైకెత్తితే ఒక గీత వస్తుంది. అక్కడ ముఖం హాజరు అయింది. తర్వాత పిల్లల హాజరు, భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని. తర్వాత మరుగుదొడ్ల ఫొటోలు. అవి వెళ్లలేదు, మళ్లీ గట్టెక్కాడు. అంతలో మండల ఆఫీసు నుంచి ఫోను: విద్యాకానుక కిట్లకు ఇద్దరు తల్లుల వేలిముద్రలు పడలేదట, ఒక పిల్లాడి బూట్ల సైజు తప్పు నమోదయిందట, ఇవాళే సరిచెయ్యాలట. అతను నా వైపు చూసి, ఏమీ అనకుండా గదిలోకి వెళ్లి టీవీ పెట్టి వచ్చాడు.

ప్రాథమిక బడులకు నాడు-నేడు కింద ఇచ్చిన స్మార్ట్ టీవీ అది. దాన్ని నేను తప్పు పట్టను. సముద్రం ఎరగని ఈ పిల్లలు తిమింగలం నీళ్లపైకి వచ్చి ఊపిరి వదలడం చూశారు, గుండె లోపల రక్తం నడిచే దారి చూశారు. మా కాలంలో గుండె అంటే నల్లబల్ల మీద నేను గీసిన వంకర బొమ్మే. ఇలాంటిది నా చేతికి వచ్చి ఉంటే ఎంత సంబరపడేవాణ్నో. మాష్టారు పక్కన నిలబడి, ఆపాల్సిన చోట ఆపి, అడగాల్సింది అడిగితే దానికి మించిన సాధనం లేదు. పక్కన నిలబడే మనిషిని గట్టు మీదికి ఎక్కించింది మాత్రం అతని జేబులోని ఫోను.

ఆ రోజు టీవీలో వాన పాఠం. ఎండకు నీరు ఆవిరై, మబ్బయి, చల్లబడి కురవడం. బొమ్మలు బాగున్నాయి, గొంతూ బాగుంది. రెండో తరగతి బుడ్డోడు ఒకడు లేచి తెరనే అడిగాడు: “మా కొండ మీద పొద్దున్న వచ్చీ పొగ కూడా మబ్బేనేటి?”

ఎంత మంచి ప్రశ్న! పంతులన్నవాడు ఏళ్ల తరబడి ఎదురుచూసే ప్రశ్న. తెర ఆగలేదు, నదుల దగ్గరికి వెళ్లిపోయింది. నేను చెప్పబోయేలోగా వెనక వరసలోని అయిదో తరగతి పిల్ల వాడి పక్కకి జరిగి చెవిలో చెప్పింది: “ఔన్రా, మబ్బే. కొండెక్కితే సేతికి తడి తగుల్తాది.” వాడు తన అరచెయ్యి ఒకసారి చూసుకుని కూర్చున్నాడు. పాఠం అయ్యేవరకూ ఆ పిల్ల చుట్టూ చిన్నవాళ్లు ఒక్కొక్కరే చేరారు.

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏమంటుందంటే, జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు పంతుళ్లను పంపకూడదు. గుడ్ల లెక్కా బూట్ల లెక్కా బడి పనులే కదా అంటారు కాబట్టి వాటి దగ్గర ఆ సెక్షన్ ఉన్నా లేనట్టే. పంతులు బడిలోనే ఉంటాడు, పాఠంలో ఉండడు. మరుగుదొడ్ల ఫొటోల పని 2024లో తీసేశారు. ఎవరు తీసేసినా మేలు చేశారు. తీయాల్సినవి ఇంకా ఉన్నాయి.

మధ్యాహ్నం గుడ్డూ అన్నం తిన్నాక మాష్టారు పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి మర్నాటికి వేషాలు పంచడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి అతని ముఖంలో వెలుగు చూసింది అప్పుడే. ఎంఈవో గారి వేషం ఒకడికి, వంట చేసే అమ్మ వేషానికి ఇద్దరు పోటీ. మాష్టారి వేషం ఎవరిదో అతని మనసులో ముందే ఉంది. పొద్దుట మబ్బు సంగతి చెప్పిన పిల్లను పిలిచాడు.

“రేపు నువ్వే మాష్టారివి తల్లీ.”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“చీర లేదనా? మా ఇంటావిడది తెస్తాలే.”

“సీరుంది మేష్టారూ.”

“మరి భయమా? పెద్ద మాష్టారున్నారనా? ఆయన ఏమీ అనరమ్మా.”

“బయం నేదు.”

ఇంతలో నాలుగో తరగతి కుర్రాడు ఎగిరి గంతేశాడు. “నానవుతాను మేష్టారూ! నాకాడ ఫోనుంది!” జేబులోంచి అట్టముక్కతో చేసుకున్న ఫోను తీసి, పరుగున వెళ్లి ట్యాంకు గట్టెక్కి, చెయ్యి పైకెత్తి, కళ్లు చిట్లించి నిలబడ్డాడు. పిల్లలంతా చప్పట్లు. “అచ్చం మేష్టారే!” ఆ వేషం ఇక వాడిదేనని వాళ్లే తీర్మానించేశారు. మాష్టారూ నవ్వాడు, నేనూ నవ్వాను.

అయినా అతనికి ఈ పిల్లను వదలబుద్ధి కాలేదు. దగ్గరికి తీసుకుని అడిగాడు.

“పోనీ, కలెక్టరమ్మవి అవుతావా?”

“అవ్వను.”

“మరేమవుతావు చెప్పు. నీకేది కావాలంటే అదే.”

ఆ పిల్ల కిటికీలోంచి గదిలోకి వేలు చూపించింది.

“టీవీ అవుతాను.”

“టీవీ వేషమేంటే పిచ్చితల్లీ!”

“నాకు పాఠం సెప్పాలనుంది మేష్టారూ.”