ఒక తాళంచెవి ఆత్మకథ

ఉత్తర కాలిఫోర్నియాలోని చికో స్టేట్ కళాశాలలో ఒక అధ్యాపకుడి గదిని తెరిచిన తాళంచెవి తన ఆత్మకథను ప్రథమ పురుషలో, అంటే తనను 'అది' అని మాత్రమే పేర్కొంటూ చెప్పుకొంటున్నది; దాని బతుకులో చెప్పదగినదంతా మరో ఇద్దరి బతుకులతో ముడిపడి ఉండడమే అందుకు కారణం. దాని పుట్టుకలో విశేషమేమీ లేదు: లోహపు రేకుకు పళ్లు కోయగా తాళంచెవి అయింది.

1959లో ఆ గది జాన్ గార్డ్‌నర్‌కు దక్కింది. 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియాలో పుట్టిన ఆయన 26 ఏళ్ల వయసులో కథారచన బోధించడానికి వచ్చేనాటికి ఒక్క నవలా అచ్చు కాలేదు. రాతప్రతులు నేలమీది పెట్టెల్లో ఉండేవి, వాటిలోని 'నికెల్ మౌంటెన్' 1973లో గాని వెలువడలేదు. 1945లో ఆయన నడుపుతున్న ట్రాక్టరు లాగే యంత్రం కింద పడి తమ్ముడు మరణించాడు. ఆ దుఃఖం 1977 నాటి 'రిడెంప్షన్' కథలో బయటపడింది.

ఆయన తరగతిలో చేరిన రేమండ్ కార్వర్‌కు భార్య, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు గాని, ఇరుకింట్లో రాసుకునే చోటు లేదు. అది గ్రహించిన గురువు గది తాళంచెవిని శిష్యుడి చేతిలో పెట్టాడు. వారాంతాల్లో అదే తలుపు తీసేది, అతడు లోపల కూర్చుని రాసుకునేవాడు. తాళంచెవి గర్వమంతా ఆ కొద్దికాలానిదే. గురువు ప్రతి వాక్యాన్నీ పరీక్షించి, కొన్ని మాటలను చర్చకు తావులేకుండా కొట్టివేసేవాడు, కొన్నింటిని కుండలీకరణాల్లో పెట్టి శిష్యుడితో వాదించేవాడు, కథను పదేపదే తిరగరాయించేవాడు. కథ పాఠకుడి మనసులో తెగిపోని కలలా సాగాలని, తప్పుడు మాట ఒక్కటి పడినా ఆ కల చెదురుతుందని ఆయన సిద్ధాంతం; దానినే 'కల్పనా స్వప్నం' అనవచ్చు.

1962లో గురువు శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోగా, ఆ గది, దానితోపాటు తాళంచెవి, ఇతరుల పాలయ్యాయి. 'బేవుల్ఫ్' కావ్యాన్ని రాక్షసుడి నోట చెప్పించిన 'గ్రెండెల్' 1971లో ఆయనకు కీర్తి తెచ్చింది. 1978లో 'ఆన్ మోరల్ ఫిక్షన్'లో సమకాలిక రచయితలను తూర్పారబట్టినందుకు విరోధాలు తెచ్చుకున్నాడు. లోకం ఆ కీర్తినీ ఆ కలహాన్నీ గుర్తుంచుకున్నది, తెరిచిన తలుపును మరిచింది. రచయితల కాగితాలను గ్రంథాలయాలు భద్రపరుస్తాయి గాని, తలుపుకు తాళం మారిన నాడే తాళంచెవి చెత్తలో చేరుతుంది; ఎవరికి నీడనిచ్చిందో అడిగేవారుండరు. దాని మనసులోని బాధ ఇదొక్కటే.

1982 సెప్టెంబరు 14న మోటారుసైకిలు ప్రమాదంలో, 49 ఏళ్లకే, గార్డ్‌నర్ మరణించాడు. మరుసటి ఏడు ఆయన పుస్తకం 'ఆన్ బికమింగ్ ఎ నావలిస్ట్' వెలువడినప్పుడు, అప్పటికి ప్రసిద్ధ కథకుడై సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో రచన బోధిస్తున్న కార్వర్ దానికి ముందుమాట రాసి, అందులో ఆ గదినీ తాళంచెవినీ కృతజ్ఞతతో తలచుకున్నాడు. తుప్పుపట్టిన లోహానికి అంతకు మించిన భాండాగారం అక్కరలేదు. రాయడం నేర్పేవాడు పాఠంతోపాటు రాసుకునేందుకు ఒక చోటు కూడా ఇవ్వగలిగితేనే ఆ విద్య శిష్యుడికి పూర్తిగా అందుతుంది.