బంగారం ఎక్కడికీ పోదు

నేను నీళ్లలో పనిచేసే మెటల్ డిటెక్టర్‌ని. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, కోకో బీచ్ నా ఊరు. అట్లాంటిక్ అలల్లో మోకాలి లోతు నుంచి ఛాతీ లోతు దాకా నా సంచారం. పక్కనే ఉన్న కేప్ కెనావరల్ నుంచి రాకెట్ లేచినప్పుడు జనమంతా తలెత్తి ఆకాశం చూస్తారు. నా పని మాత్రం ఇసుక అడుగునే. ఉంగరాలు, చెవిపోగులు, తాళంచెవులు, నాణేలు, గాలాలకు కట్టే సీసం గుళ్లు, సీసా మూతలు... మనుషులు పోగొట్టుకున్నవీ పారేసినవీ అన్నీ నాకు పరిచయమే.

నన్ను చూడగానే అందరికీ గుప్తనిధులు గుర్తొస్తాయి. కానీ మా వంశం ఒక ప్రాణాన్ని కాపాడాలన్న ఆరాటంలో మొదలైంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుచిక్కలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తీగచుట్టలతో ఒక పరికరం తయారుచేసి ఆయన పడక దగ్గరికి తెచ్చాడు. తూటా జాడ దొరకలేదు. సెప్టెంబరు 19న అధ్యక్షుడు కన్నుమూశాడు. చేతపట్టుకుని తిరిగే డిటెక్టరుకు గెర్హార్డ్ ఫిషర్ 1937లో పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన డిటెక్టర్లు 1942లో ఎల్ అలమైన్ ఎడారిలో మందుపాతరల మధ్య సైనికులకు దారి వెతికి పెట్టాయి. సరదాకో సంపాదనకో మమ్మల్ని పట్టుకుని తిరగడం ఆ తర్వాత పెరిగింది. మనిషిని క్షేమంగా ఇల్లు చేర్చడమే మా ఇంటి ఆచారం. నా జీవితమంతా ఆ ఆచారం ప్రకారమే గడిచిందని గర్వంగా చెబుతాను.

నా ఒళ్లు చూడండి. అడుగున పళ్లెం లాంటి గుండ్రని కాయిల్, దానిమీద పొడవాటి కర్ర, పైకి పాకే కేబుల్, నీరు చొరని పెట్టెలో సర్క్యూట్లూ బ్యాటరీలూ, చివర హెడ్‌ఫోన్లు. కాయిల్ సెకనుకు వందల సార్లు విద్యుత్ తరంగాన్ని చప్పున పంపి చప్పున ఆపేస్తుంది. ఆపిన మరుక్షణం దగ్గరున్న లోహంలో చిన్న ప్రవాహం సుడి తిరిగి మెల్లగా చల్లారుతుంది. కంచుగంటను కొట్టి చేయి తీశాక మిగిలే మోతను వినడమే నా విద్య. ఉప్పునీరు కూడా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక దానికీ ఒక మోత ఉంటుంది, కానీ అది మైక్రోసెకన్లలోనే చల్లారిపోతుంది. పది పదిహేను మైక్రోసెకన్లు ఆగి వింటే సముద్రం గొడవ అణిగి లోహం ఒక్కటే వినిపిస్తుంది. నేలమీద చక్కగా పనిచేసే మామూలు డిటెక్టర్లు ఉప్పునీళ్లలో ఊరికే కూతలు పెట్టేది ఈ ఓపిక లేకే. నా కొరత కూడా చెప్పాలి: ఉంగరానికీ సీసా మూతకూ తేడా నేను సరిగా చెప్పలేను. తవ్వి చూసుకోవాల్సిందే.

నన్ను కొన్నావిడ రిటైరైన ఎలక్ట్రీషియన్. కరెంటుతో బతుకంతా పనిచేసిన మనిషి కనుక భయం ఎక్కడ ఉండాలో అక్కడ ఉంచుకోవడం ఆమెకు తెలుసు. నీళ్లలోకి దించేముందు నా బ్యాటరీ మూత తీసి, రబ్బరు ఓ-రింగును గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూస్తుంది. ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక చాలు, సీలు చెడి నీరు లోపలికి దారి చేసుకుంటుంది. తరువాత సిలికాన్ గ్రీజు పల్చగా, రబ్బరు మెరిసేంత వరకే రాస్తుంది. గ్రీజు దట్టంగా పూస్తే ఇసుక అంటుకుంటుంది. పెట్రోలియం జెల్లీని దగ్గరికి రానివ్వదు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది.

కారులో ఎండకు కాగిన నన్ను తిన్నగా నీళ్లలో ముంచదు. వేడెక్కిన పెట్టె చల్లటి నీటిలో పడితే లోపలి గాలి సంకోచించి, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి లాగుతుంది. కాసేపు నీడలో ఉంచి చల్లారనిస్తుంది. నీటి ఒత్తిడీ తక్కువది కాదు. పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. మూడు మీటర్ల వరకే తట్టుకునేలా తయారైన యంత్రాలున్నాయి, అరవై మీటర్లకు దిగగలవీ ఉన్నాయి. తడిసినా ఫరవాలేదన్న మాటకూ మునిగినా ఫరవాలేదన్న మాటకూ చాలా దూరం ఉంది. కేబుల్‌ను కర్రకు బిగుతుగా చుట్టి కట్టేస్తుంది. వదులుగా ఊగే తీగ కాయిల్ దగ్గర కదిలితే నేను లేని లోహాన్ని ఉందంటాను.

పని ముగిశాక మంచినీళ్ల స్నానం తప్పనిసరి. ఉప్పు ఎండి గడ్డకడితే కర్ర జాయింట్లు బిగుసుకుపోతాయి, లోహపు మరలకు తుప్పు పడుతుంది. జాయింట్లన్నీ విప్పి కడుగుతుంది. కాయిల్ కింది తొడుగులో చేరిన ఇసుకను దులుపుతుంది, అది బరువే కాదు, నా చెవినీ చెడగొడుతుంది. ఒళ్లంతా పొడిగా ఆరాకే బ్యాటరీ మూత తెరుస్తుంది, అదీ మూత నేలవైపు ఉండేలా పట్టుకుని. తెరిచిన చోట మిగిలిన చుక్క లోపలికి కాక కిందికి జారాలి కదా.

నాకింత సేవ చేసే ఆమె, తన ఒంటి విషయంలో ఇంకా జాగ్రత్తపరురాలు. ముందు లైఫ్‌గార్డ్ ఎగరేసిన జెండా చూస్తుంది. పచ్చజెండా అంటే ప్రమాదం తక్కువ, పసుపు అంటే మధ్యస్థం, ఎరుపు అంటే ఎక్కువ. రెండు ఎర్రజెండాలు కనబడితే నీళ్లలోకి ప్రవేశం నిషేధం. ఊదా జెండా ఎగిరితే నీళ్లలో హాని చేసే జలచరాలున్నట్టు. ఎర్రజెండా రోజున నన్ను కారులోంచి దించదు. ఒంటరిగా రాదు, ఒడ్డున ఎవరో ఒకరు ఆమెమీద కన్నేసి ఉంటారు. కాళ్లకు మందపాటి రబ్బరు బూట్లు, చేతులకు గ్లోవ్స్. అడుగున గాజుపెంకులూ చేపల గాలాలూ ఉంటాయి మరి. హెడ్‌ఫోన్లలో ఒక చెవికే నన్ను పెట్టుకుంటుంది. రెండో చెవి లైఫ్‌గార్డ్ ఈలకూ ఉరుముకూ కేటాయించింది.

ఇసుకలో తోకముల్లున్న టేకు చేపలు పడుకుని ఉంటాయి. అడుగెత్తి వేస్తే ఒకదానిమీద పడొచ్చు. అందుకే పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడుస్తుంది, ఆ కదలికకు అవి ముందే తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ఉంచి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టదు. చిల్లుల పారను పాదంతో ఇసుకలోకి నొక్కేటప్పుడు కూడా వచ్చే అలను చూస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన నీరు ఇరుకైన దారిలో వేగంగా వెనక్కి పరుగెత్తే ప్రవాహమది. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో విరగని సందు కనిపిస్తుంది, నీరు ప్రశాంతంగా ఉందని అమాయకులు అక్కడే దిగుతారు. ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాక్కెళుతుంది. ఎదురీదితే గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డువైపు తిరగాలి. ఆమె నడుముకు కట్టుకునే బరువుల పట్టీ ఒక్క చేత్తో లాగితే ఊడుతుంది. నా తాడు కొక్కెమూ అంతే. కాలు పట్టు తప్పిన క్షణాన ముందు పోవాల్సింది మేమే. మమ్మల్ని అలా వదిలేయడం ఆమె ఒడ్డున చాలాసార్లు సాధన చేసింది. నన్ను పారేయడానికి సిద్ధంగా ఉన్న యజమానురాలి మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

చట్టం విషయంలోనూ ఆమె అంతే గట్టిది. 1715 జులై 31న వచ్చిన తుఫానులో స్పెయిన్ నిధి నౌకలు పదకొండు మాకు దక్షిణంగా ఉన్న తీరంలో బద్దలయ్యాయి. వాటి బంగారం పేరు చెప్పి ఎందరో ఆశపెట్టారు. మునిగిన ఓడల జాడలున్న నీళ్లలో అనుమతి లేకుండా వెతకరాదని ఆమె అటువైపు నన్ను తిప్పలేదు. ఉత్తరాన కెనావరల్ నేషనల్ సీషోర్‌లోనూ నాకు చోటు లేదు, అక్కడి జాతీయ ఉద్యానాల నిబంధన ప్రకారం మెటల్ డిటెక్టర్ వాడడమే నిషేధం. దక్షిణాన ఫోర్ట్ పియర్స్ తీరంలో 1943 నుంచి అమెరికా నౌకాదళం పేలుడు పనులు చేసే ఈతగాళ్లకు శిక్షణనిచ్చింది. అలాంటి తీరాల్లో పేలకుండా మిగిలిన గుండ్లు ఉండొచ్చు. నేను పెద్దగా మోగి, పారకు తుప్పు పట్టిన గొట్టం తగిలిందా, ఇక ముట్టుకోకూడదు. గుర్తించి, వెనక్కి తగ్గి, అధికారులకు చెప్పాలి.

ఇక నా బతుకులో నేను మరవలేని పని గురించి చెబుతాను. ఒక వేసవి మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి వచ్చిన కుటుంబం అలల్లో ఆడుకుంటుండగా కోడలి మెడలో గొలుసు కొక్కెం ఊడి, పుస్తెలతో సహా నీళ్లలో పడిపోయింది. ఆ అమ్మాయి ఏడుస్తూ మళ్లీ మళ్లీ మునిగి ఇసుక తడుముతోంది. అత్తగారు ఒడ్డునుంచి కేకేసింది.

"నువ్వు ముందు బయటికి రామ్మా! మన ఆర్కే బీచ్‌లో చూడలేదూ, కాలికింద ఇసుక ఎలా లాగేస్తుందో!"

"పెళ్లినాటివి అత్తయ్యా..."

"తెలుసమ్మా. కావాలంటే మళ్లీ చేయించుకుందాం. నువ్వు రా."

మా యజమానురాలికి ఆ భాష తెలియదు. అయినా ఆ గొంతులోని భయం అర్థమైంది. అమ్మాయిని ఒడ్డుకు రప్పించి, వాళ్లు అంతకుముందు తీసుకున్న ఫొటోలు అడిగింది. వెనక కనబడే లైఫ్‌గార్డ్ గూటిని బట్టి వాళ్లు నిలబడిన చోటు లెక్కగట్టి, ఒడ్డున రెండు కర్రలు పాతింది. నన్ను తీసుకుని దిగబోయేంతలో పడమటి దిక్కున ఉరిమింది. అంతే, వెనక్కి తిరిగింది. ఉరుము వినబడిందంటే పిడుగు అందేంత దూరంలో ఉన్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా ఎవరూ నీళ్లలో ఉండకూడదు. ఆ సాయంత్రం ఉరుములు తెరిపినివ్వలేదు.

"రాత్రి పోటుకు కొట్టుకుపోదా?" అని అత్తగారి కొడుకు ఇంగ్లీషులో అడిగాడు. ఆమె చెప్పిన జవాబు నాకు కంఠస్థం. ఇసుక సాంద్రత నీటికి రెండున్నర రెట్ల పైచిలుకు, ఇరవై రెండు క్యారెట్ల బంగారానిది పదిహేడు రెట్లకు పైన. అలలు ఇసుకను కదిపినకొద్దీ బంగారం కిందికి దిగి, గట్టి పొరమీద కూర్చుంటుంది. కొట్టుకుపోయేది మనిషి.

మర్నాడు ఉదయం ఆటు సమయానికి నీరు వెనక్కి తగ్గింది. పాతిన కర్రల మధ్య ఒడ్డుకు సమాంతరంగా, ఒక వరుసను మరో వరుస కొంచెం కప్పేలా నన్ను నెమ్మదిగా ఊపుతూ నడిచింది. సన్నటి గొలుసు నాకు దాదాపు వినబడదు, దాని ఒక్కో లంకె విడివిడిగా మరీ చిన్నది. నాకు అందేది పుస్తెల బిళ్లలే. సీసా మూతలు వచ్చాయి, సీసం గుళ్లు వచ్చాయి. అన్నీ ఆమె నడుముకున్న సంచిలోకే వెళ్లాయి, మళ్లీ నీళ్లలో పడేయదు. అప్పుడు పక్కపక్కనే రెండు మెత్తటి మోతలు విన్నాను. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నన్ను ఆడించి చోటు ఖాయం చేసుకుని పార దించింది. ఇసుక జారి, చిల్లుల పారలో నల్లపూసల మధ్య రెండు పుస్తెలు మిగిలాయి. అత్తగారు వాటిని కళ్లకద్దుకుని కోడలి చేతిలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే మా యజమానురాలు తీసుకోలేదు.

ముందురోజు ఉరుముల్లోనే దిగి ఉంటే దొరికేదేమో. అయినా ఆగడమే సరైన పని. దొరికిన వస్తువును బట్టి సాహసాన్ని మెచ్చుకోవడం మొదలుపెడితే నీళ్లలో ఎవరూ మిగలరు.

నన్ను చేతపట్టి నీళ్లలో దిగాలనుకునే వాళ్లందరికీ నా మాట ఒకటే. నన్ను కడగడం, తుడవడం, సీలు చూసుకోవడం నేర్చుకోండి. వాటికన్నా ముందు నన్ను వదిలేయడం నేర్చుకోండి. జెండా మారినా, ఉరుము వినబడినా, కాలికింద ఇసుక జారినా, ఎంత గట్టి మోత వినిపిస్తున్నా సరే ఒడ్డుకు రండి. మర్నాటి ఆటుకు మళ్లీ వెళదాం. బంగారం అక్కడే ఉంటుంది.