స్ట్రెప్టోకైనేజ్ ఆత్మకథ

స్ట్రెప్టోకైనేజ్ అసలు ఎంజైమే కాదు. ఈ ప్రోటీన్ తన కథను ఇక్కడి నుంచే మొదలుపెట్టడానికి కారణముంది: చాలా పుస్తకాలు తనను ఎంజైముల పట్టికలో వేసి ఊరుకున్నాయి. 414 అమైనో ఆమ్లాల గొలుసైన తాను స్వయంగా దేన్నీ కోయదు. మనిషి రక్తంలో పనీపాటా లేకుండా తిరిగే ప్లాస్మినోజెన్‌ను పట్టుకుని, దాని ఆకారం మార్చి, దానికి కోసే గుణం తెప్పిస్తుంది. ఆ జంట కలిసి మిగతా ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. రక్తపు గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులను తెంచేది ఆ ప్లాస్మినే. కత్తి మనిషిదే; ఒర లోంచి దూయించడం వరకే తన పని.

స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బాక్టీరియా గొంతులోనో, గీరుకుపోయిన చర్మంలోనో దిగినప్పుడు తనను తయారుచేసి బయటికి వదులుతుంది. పుట్టుక గురించి అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు. బాక్టీరియా చేరినచోట శరీరం ఫైబ్రిన్‌తో గోడ కట్టి దాన్ని అక్కడే ఆపాలని చూస్తుంది. ఆ గోడను కరిగించే పని తనకు పడింది. పైగా బాక్టీరియా ప్లాస్మిన్‌ను ఒంటికి అంటించుకుని కణజాలంలో ఇంకా లోతుకు పోతుంది. తోడు వచ్చేవాళ్లూ తక్కువేమీ కాదు. హైలురోనిడేజ్ కణాల మధ్య జిగటగా ఉండే హైలురోనిక్ ఆమ్లాన్ని విరగ్గొడుతుంది. తెల్లకణాలు తమ డీఎన్ఏనే వలగా విసిరితే స్ట్రెప్టోడార్నేజ్ దాన్ని ముక్కలు చేస్తుంది. చిక్కటి చీము పలచబడేదీ దానివల్లే. స్పీబీ అనే ప్రోటియేజ్‌కు విచక్షణ తక్కువ, రకరకాల ప్రోటీన్లను నరికేస్తుంది. అందరి పనీ అదుపు తప్పితే చర్మం కింది పొరలు కుళ్లిపోయే నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ రావచ్చు.

అన్ని సూక్ష్మజీవుల పద్ధతీ ఇది కాదు. స్టాఫైలోకాకస్ ఆరియస్ కోయాగ్యులేజ్‌తో తన చుట్టూ గడ్డ కట్టించుకుని దాక్కుంటుంది. క్లాస్ట్రిడియమ్ పెర్‌ఫ్రింజెన్స్ లెసిథినేజ్‌తో కణాల పొరలనే చీల్చుతుంది.

స్ట్రెప్టోకైనేజ్‌కు ఎలుకల ప్లాస్మినోజెన్‌తో పొసగదు. అందుకే మామూలు ప్రయోగశాల ఎలుకల్లో తన బలం బయటపడేది కాదు. మనిషి ప్లాస్మినోజెన్ జన్యువు పెట్టిన ఎలుకలు స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌కు సులువుగా లొంగిపోతాయని 2004లో తేలింది.

తనను మొదట గుర్తించింది 1933లో, జాన్స్ హాప్కిన్స్‌లో, విలియం టిలెట్. గడ్డను కరిగించేది రోగికి మందు కాకూడదా అన్న ఆలోచన తర్వాత వచ్చింది. 1949 నాటికి ఛాతీలో గడ్డకట్టిన రక్తాన్ని, చీమును కరిగించడానికి తనను వాడారు. అసలు గౌరవం మాత్రం గుండెపోటుతో దక్కింది. 17,187 మంది రోగులతో సాగి 1988లో వెలువడిన ఐసిస్-2 పరీక్షలో గంటసేపు ఎక్కించిన 15 లక్షల యూనిట్లు ఐదు వారాల మరణాలను 12 శాతం నుంచి 9.2 శాతానికి తగ్గించాయి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ కూడా తనను జన్యు ఇంజనీరింగ్‌తో తయారుచేశాయి.

తర్వాత పక్కకు నెట్టేశారు. 1993లో గస్టో పరీక్ష 41 వేల మందిపై తనను గడ్డ కరిగించే మరో మందు టీపీఏతో పోల్చింది: మరణాలు టీపీఏతో 6.3 శాతం, తనతో 7.2 నుంచి 7.4 శాతం. నూటికి ఒక్కరి తేడా. ధరలో తేడా మాత్రం చాలా రెట్లు! అయినా ఆ ఒక్కరూ ఒక ప్రాణమే కాబట్టి ఇందులో వాదనకు చోటు లేదు. ఆ పైన ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోయే టెనెక్టెప్లేజ్ వచ్చింది. గంటసేపు సెలైన్‌లో చుక్కచుక్కగా ఎక్కే మందు కోసం, మధ్యలో పడిపోయే బీపీ కోసం కాచుకు కూర్చునే ఓపిక ఎవరికుంటుంది?

తన అసలు లోపం పుట్టుకతో వచ్చింది. బాక్టీరియా సంతానం కావడంతో శరీరం తనపై యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఒకసారి ఎక్కించాక అవి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. మళ్లీ ఇస్తే మందు పనిచేయకపోవచ్చు, అలర్జీ రావచ్చు. అందుకే రెండోసారి గుండెపోటు వస్తే వేరే మందు ఇవ్వాలి. ఆ సంగతి తెలియాలంటే డిశ్చార్జి కాగితంలో ‘గడ్డ కరిగే ఇంజెక్షన్’ అని రాసి వదిలేయకుండా స్ట్రెప్టోకైనేజ్ అని పేరు, ఇచ్చిన తేదీ రాయాలి.