పాత్రలకే శాలువా కప్పండి

సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అయినా, విజయవాడ పుస్తక మహోత్సవంలో అయినా పుస్తకావిష్కరణ సభ అన్నాక ఒక ఘట్టం తప్పదు. అధ్యక్షులవారు సమయపాలన గురించి ముప్పావుగంట మాట్లాడాక, పుస్తకం ఇంకా తెరవలేదని చెప్పిన ముఖ్య అతిథి అది చరిత్రలో నిలిచిపోతుందని తేల్చేశాక, వెనక వరసలోంచి ఒక అమాయకుడు లేస్తాడు. "సార్, మీకీ కథలు ఎలా తడతాయండీ?" కథకుడు వెంటనే జవాబివ్వడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. సీలింగు ఫ్యాను వంక ఓసారి చూస్తాడు. "నేను రాయలేదండీ. పాత్రలే నాచేత రాయించుకున్నాయి" అంటాడు. హాలంతా చప్పట్లు.

పాత్రలే రాయించుకుంటే శాలువా ఈయన భుజాల మీదెందుకు? జ్ఞాపిక ఈయనింటి షోకేసులో ఎందుకు? ప్రెస్సువాడికి కట్టిన బిల్లులో ఒక్క పాత్రయినా రూపాయి వేసుకుందా? పోనీ, కథ తేలిపోయిందని ఎవరైనా సమీక్ష రాస్తే, తప్పు పాత్రలదే అని ఈయన తప్పుకుంటాడా అంటే అదీ లేదు. సమీక్షకుడికి కడుపుమంట అంటాడు.

ఈ పూనకం మతంలో శాఖలు చాలానే ఉన్నాయి. అర్ధరాత్రి రెండింటికి మెలకువ వచ్చి కథ మొత్తం కళ్లకు కట్టినవాళ్లు ఒక శాఖ. కిటికీ మీద వానచినుకు పడితే తప్ప కలం కదలనివాళ్లు మరొకటి. వీళ్లు అనంతపురంలో పుట్టి ఉంటే ఏమయ్యేవారో! అక్కడి సింగమనేని నారాయణ రాని వాన మీద కథలు రాశారు. ఇదివరకెవ్వరికీ తట్టని ఇతివృత్తం తమకే తట్టిందనేవాళ్లు ఇంకో శాఖ. వాళ్లకు శ్రీకాకుళం రైలు టిక్కెట్టు కొనిపెట్టాలి. కాళీపట్నం రామారావు 1997లో అక్కడ కథానిలయం పెట్టి పాత పత్రికలన్నీ పోగేశారు. ఓ పూట కూర్చుంటే, తమకు నిన్న తట్టింది ఎవరికో తాతల నాడే తట్టిందని, పైగా వాళ్లు దాన్ని మూడు పేజీల్లో ముగించారని తెలిసొస్తుంది.

కొత్తగా కథా శిబిరాలు కూడా వచ్చాయి. శుక్రవారం సాయంత్రం కొండమీదికి బస్సు, రాత్రి చలిమంట, పొద్దున్నే చెట్టును కౌగిలించుకోవడం, టిఫిను తర్వాత "మీలోని నిశ్శబ్దాన్ని వినండి" అనే పాఠం. టిఫినులో మాత్రం ఏ లోపమూ ఉండదు. ఆదివారం సాయంత్రానికి ఒక్కొక్కరి నుంచి ఒక్కో కథ దిగుతుంది. అన్నింట్లోనూ నాయకుడు రచయితే. కొండమీదికి వెళ్తాడు, కథ రాయలేకపోతాడు, పొగమంచు చూసి కన్నీళ్లు పెట్టుకుంటాడు.

గురజాడ అప్పారావు ఏ కొండ ఎక్కాడు? 'కన్యాశుల్కం' నాటకం 1897 ముద్రణకు ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో తన సరుకు ఎలాంటిదో ఆయనే విప్పి చూపించాడు. విజయనగరం మహారాజు అంతకు పదేళ్ల కిందట ఒక జాబితా తయారుచేయించాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన ఆడపిల్లల పెళ్లిళ్ల లెక్క అది. మొత్తం 1034. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ముందుకు రారు కాబట్టి లెక్క ఇంతటితో అయిపోలేదనీ ఆయనే చెప్పాడు. నాటకంలోని మధురవాణి కలలో కనిపించి రాయమందని ఎక్కడా అనలేదు.

రావిశాస్త్రిది మరీ అన్యాయం. విశాఖలో ప్లీడరీ చేసుకునేవాడు. మద్యనిషేధం కేసుల్లో ముద్దాయిలు, కానిస్టేబుళ్లు, దొంగసాక్షులు పొద్దున్నే ఎదురుగా నిలబడితే ఆయన 'ఆరు సారా కథలు' రాసుకున్నాడు. ధ్యానానికి కూర్చుందామన్నా కోర్టు బంట్రోతు పిలుపు ఆగదు కదా!

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశాడని, 29 రోజుల్లో పూర్తయిందని చెప్పుకుంటారు. వినగానే భక్తులు చెంపలు వాయించుకుంటారు. అది ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ కోసం తయారైందని, పోటీకి గడువు ఉంటుందని, చివరికి బహుమతిని అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకోవలసి వచ్చిందని మాత్రం గుర్తు చేసుకోరు. మహాకవి ప్రతిభకు దండం పెట్టాల్సిందే, సందేహం లేదు. ఆ చేత్తోనే తమ్ముడి మణికట్టుకు కూడా ఒకటి పెట్టండి.

'చందమామ'లో కొడవటిగంటి కుటుంబరావుకు నెలనెలా సంచిక నింపే పని. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్లాల్సిందే, శవంలోని బేతాళుడు నోరు విప్పాల్సిందే. ఈ నెల మూడ్ లేదని బేతాళుడు అలిగితే ప్రెస్సు ఊరుకుంటుందా?

మరి ఇన్ని ఉదాహరణలు కళ్లముందుంటే మనవాళ్లు పౌర్ణమిని, పొగమంచును ఎందుకు పట్టుకు వేలాడతారు? కారణం తేలికైనదే. చంద్రుడు వాటా అడగడు. ఇంట్లో అంట్లు తోమే ఆమె తన కూతురి కాపురం గురించి చెప్పుకుని ఏడిస్తే, ఆ రాత్రికే అది కథవుతుంది. ఆమె పేరు మారుతుంది, ఊరు మారుతుంది, మధ్యలో ఒక సముద్రం కూడా వచ్చి చేరుతుంది. వచ్చిన పారితోషికంలో ఆమెకు కాఫీ కూడా రాదు. ఎక్కడిదండీ ఈ కథ అంటే మన కథకుడు "ఒక వెన్నెల రాత్రి..." అని మొదలుపెడతాడు.

నాకు తెలిసిన ఒక కథకుడికి ఈ వెన్నెల ఒకసారి ఎదురుతిరిగింది. కథల పోటీలో పదివేలు గెలిచి, సముద్రపు హోరులోంచి ఆ కథ పుట్టిందని పేపరువాళ్లకు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే పల్లెటూరి నుంచి మేనత్త ఫోను.

"ఒరేయ్ అబ్బాయ్, నీ కథ చదివించుకుని విన్నాన్రా. మీ మావయ్య ఎడ్లజత అమ్ముకుని ఎవతెతోనో లేచిపోవడం, నేను చింతచెట్టు కింద కూర్చుని శాపనార్థాలు పెట్టడం... అంతా ఉన్నదున్నట్టే దింపావు. బాగుంది. కాని ఆ శాపనార్థాలు రెండు వదిలేశావు, అసలు వాటిల్లోనే పస. మళ్లీ అచ్చేసేటప్పుడు అడుగు, చెప్తాను. అన్నట్టు పళ్ల డాక్టరు నాలుగువేలు అడుగుతున్నాడు. పంపిస్తావా, లేకపోతే ఆ సముద్రాన్నే అడగమంటావా?"